పచ్చగుడ్డ కట్టిన ఆముదం మడులు

మొన్న పొద్దున ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పేరు స్వప్న. వ్యవసాయ డిప్లొమా పూర్తి చేసి ఒక విత్తన కంపెనీలో ఫీల్డ్ అసిస్టెంటుగా చేరి పదిహేను రోజులైందట.

“అంకుల్, మీ రంగుల షీటు మా ఆఫీసుల అందరి కాడ ఉంది. నా కాడికి వచ్చేసరికి రంగులన్నీ ఎగిరిపోయినయి. అసలు ఫైలు ఉంటే జర పంపుర్రి” అంది.

నేను రిటైరై నాలుగేళ్ళు దాటింది. నేను చేసిన ఎక్సెల్ షీటు నాకు తెలియకుండానే చేతులు మారుతూ ఇంకా బతికి ఉందని విని ముందు ఛాతీ ఉబ్బింది. ఫైలు వెతికాను. పంపే గుర్తు మీద వేలు పెట్టాను. నొక్కలేకపోయాను. ఫోన్ జేబులో వేసుకుని వాకిట్లోకి పోయి వచ్చాను. మళ్ళీ పోయాను.

“ఒక్కకాడ కూసోరాదా? నీ తిరుగుడు చూస్తే నాకే కండ్లు తిరుగుతున్నయి” అంది మా ఆవిడ సువార్త.

షీటు ఒకరి నుంచి ఒకరికి పోతోంది. దానివల్ల ఒక వానాకాలం పంట పరీక్ష మొత్తం ఎట్లా పాడైందో ఆ సంగతి మాత్రం దాని వెంట పోవడం లేదు. అది తెలిసినవాళ్ళం ముగ్గురం ఉండేవాళ్ళం. ఒకాయన చనిపోయారు. అందుకే ఇది రాస్తున్నాను. నా జీతం, నా ప్రమోషన్లు ఇందులో ఉండవు. ఫీల్డ్ అసిస్టెంటుగా చేరాను, దాని ముందు ‘సీనియర్’ అనే మాట తగిలించుకుని దిగిపోయాను. ఆ ముచ్చట అంతే.

చిట్టీలు వేసి విత్తడం

సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటి లోపలికి మళ్ళితే మా కంపెనీ పరీక్షా క్షేత్రం ఉండేది. ఎర్ర చల్క నేల. వానాకాలంలో ఆముదం, కంది, జొన్న. కొత్త రకాలను పక్కపక్క మడుల్లో వేసి, ఏది మేలో తేల్చడం మా పని.

వినడానికి తేలిక. కానీ ఏ చేనూ అంతటా ఒకే తీరుగా ఉండదు. ఒక మూల చౌడు, ఒక మూల నీరు నిలిచే పల్లం. మంచి రకం చౌడులో పడితే ఓడిపోతుంది, నాసి రకం మంచి జాగాలో పడితే గెలుస్తుంది. అందుకని చేనును నాలుగు భాగాలు చేసి, ప్రతి భాగంలోనూ పన్నెండు రకాలను చిట్టీలు తీసినట్టు కలిపి వేస్తాం. ఏ రకం ఏ మడిలో పడాలన్నది చిట్టీ చెప్పాలి, మనిషి చెప్పకూడదు. మనిషి చేతికి తెలియకుండానే ఇష్టాయిష్టాలు ఉంటాయి.

ఈ సంగతి నేను కాలేజీలో చదవలేదు. నాది పదో తరగతి. ఆదివారాలు ప్రార్థన అయ్యాక ఇబ్రహీంపట్నం లైబ్రరీకి పోయి, అట్ట ఊడిన ఒక ఇంగ్లిషు గణాంకాల పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఒక్కోసారి ఒక పేజీకి ఒక ఆదివారం పట్టేది. ఎమ్మెస్సీ చదివి వచ్చినవాళ్ళు చిట్టీలు ఎందుకో చెప్పలేక తడబడుతుంటే నేను చెప్పేవాణ్ణి. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. కొంప ముంచింది కూడా అదే.

పట్టీ నుంచి పటం

మా ట్రయల్స్ చూసే శాస్త్రవేత్త సుజాత మేడం. ఆమె కంప్యూటర్లో చిట్టీలు వేసే ప్రోగ్రాం ఉండేది. అది ఒక పొడుగాటి పట్టీ ఇచ్చేది: మడి నంబరు, భాగం, రకం నంబరు. నలభై ఎనిమిది మడులు, నలభై ఎనిమిది వరుసలు. ఎండలో ఆ కాగితం పట్టుకుని నిలబడితే మన ముందున్న మడి ఏదో తెలుసుకోవడానికే సగం పూట పోయేది.

కంప్యూటర్ పుస్తకం కూడా లైబ్రరీలోనే దొరికింది. రెండు నెలలు కుస్తీ పట్టి ఆ పట్టీని ఎక్సెల్‌లోకి దింపాను. ఒక్కో గడి ఒక్కో మడి. చేను నేల మీద ఎట్లా ఉందో కాగితం మీద అట్లాగే. రకం నంబరు పడగానే గడికి రంగు దానంతటదే వచ్చేట్టు పెట్టాను.

కొత్తగా చేరేవాళ్ళకు ఇక్కడ రెండు మాటలు. చేను గేటు ఎటువైపు ఉందో షీటు మీద రాయండి. కాగితం తలకిందులుగా పట్టుకుని సగం చేను విత్తిన మనిషి నాకు తెలుసు, ఆయన అద్దంలో కనిపిస్తుంటాడు. రెండోది, కూలీలు మొదటి సాలు ఎడమ నుంచి కుడికి పోతే రెండో సాలు కుడి నుంచి ఎడమకు వస్తారు. ప్రోగ్రాంకు ఆ నడక తెలియదు. ప్రతి సాలునూ ఎడమ నుంచే మొదలుపెడుతుంది. అది దిద్దుకోకుండా ప్రింటు తీయకండి.

మా చేలో పని చేసే ఎనిమిది మంది ఆడవాళ్ళకు పెద్ద యాదమ్మ. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. నన్ను ‘తమ్మీ’ అనేది. రకాల నంబర్లు చదివి వినిపిస్తే మొహం చిట్లించింది.

“ఏంది తమ్మీ గీ అంకెలు? చీరెల రంగులు చెప్పు. నిద్రల లేపి అడిగినా చెప్తం.”

అది నాకు మస్తు నచ్చింది. షీటులో రంగులకు చీరల దుకాణం పేర్లే పెట్టాను. ఉల్లిపొర, వంకాయ, మెంతి, నెమలికంఠం. దర్జీ దుకాణం నుంచి అదే రంగు పీలికలు తెచ్చి ప్రతి మడి మొదట్లో పాతిన గూటానికీ కట్టించాను. విత్తనం సంచి మీద అదే రంగు, గూటం మీద అదే రంగు, నా షీటు మీద అదే రంగు. విత్తడంలో ఒక్క పొరపాటు జరగలేదు.

మేడం చేనంతా తిరిగి చూసి మెచ్చుకున్నారు. ఒక్క మాట మాత్రం అడిగారు.

“ఏది ఏ రకమో అందరికీ తెలిసిపోతుందేమో కదా, ప్రభాకర్ గారూ?”

“వాళ్ళకు రకాలేం తెలుసు మేడం, రంగులే తెలుసు” అన్నాను.

ఇంకో పని కూడా చేశాను. ఏ రకానికి ఏ రంగు అన్నది చిట్టీ వేయలేదు. నా చేతితో ఇచ్చాను. మేడం స్వయంగా తయారుచేసిన ఏడో నంబరుకు కంటికి ఇంపుగా చిలకపచ్చ ఇచ్చాను. పోల్చడానికి వేసిన పాత రకానికి బూడిద రంగు ఇచ్చాను. మడులకు చిట్టీలు ఎందుకు వేయాలో అందరికీ పాఠం చెప్పినవాణ్ణి, రంగులకు వేయాలని నాకు తోచలేదు.

ఏడో నంబరు

ఏడో నంబరును పరీక్షకు పెట్టి అప్పటికి మూడో ఏడు. ఆ ఏడు కూడా నిలబడితే విత్తనం రైతుల చేలకు పోతుంది. ఆముదం గెలలకు బూజు తెగులు వస్తుంది. చలివానలు పడితే చాలు, గెల మీద బూడిద రంగు దూది కప్పినట్టై కాయలు కుళ్ళి రాలిపోతాయి. మా చుట్టుపక్కల చాలామంది ఆముదం మానేసింది ఆ బూజు వల్లనే. ఏడో నంబరు దాన్ని తట్టుకుంటుందని మేడం నమ్మకం. తన రెండెకరాల్లో వేసుకుంటానని యాదమ్మ అప్పటికే నన్ను అడిగి పెట్టుకుంది.

మేడం అంటే ఆ ఆడవాళ్ళకు ప్రాణం. అంతకుముందు వేసవిలో యాదమ్మ భర్తను పాము కరిస్తే, మేడం తన కారులో వేసుకుని దవాఖానకు తీసుకుపోయారు. మనిషి దక్కాడు.

ఆ ఏడు గెలలు వేసే సమయానికి ముసురు పట్టింది. బూజు వచ్చింది. తెగులుకు మార్కులు వేయడం నా పని. కంటితో చూసి, సున్నా నుంచి తొమ్మిది దాకా; అంకె పెరిగితే తెగులు ఎక్కువని. పాడ్ మీద రంగుల షీటు పెట్టుకుని మడి మడి తిరిగాను. చిలకపచ్చ గడుల్లో ఒకటి, రెండు, ఒకటి, రెండు. మిగతా వాటిలో ఐదు, ఆరు. బూడిద గడుల్లో ఏడు.

మొదటి కోత తూకాలు వచ్చాక మేడం పిలిచారు. “తెగులు ఇంత తక్కువున్న రకానికి గింజ ఎక్కువ రావాలి కదా? తక్కిన వాటితో సమానంగానే వచ్చిందేమిటి?”

“మట్టి తేడా మేడం” అన్నాను.

నాలుగు భాగాల్లో నాలుగు చోట్ల వేసిన రకానికి నాలుగు చోట్లా మట్టి తేడా ఎట్లా వస్తుంది? ఆ ప్రశ్న నాకే రావాలి. పుస్తకం చదివినవాణ్ణి నేను. కానీ అడగ్గానే జవాబు చెప్పడం అలవాటైపోయింది. ఆమె నమ్మి రిపోర్టు రాయడం మొదలుపెట్టారు.

కంచె అవతల

ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళు గట్టు మీద సద్ది తింటుంటే పక్కన కూర్చున్నాను.

“ఏం తమ్మీ, మేడం విత్తనం గెల్సినట్టేనా?” అంది యాదమ్మ.

“గెల్సినట్టే అక్కా. వచ్చే యేడు నీ చేన్ల ఏస్తవ్.”

“గెల్వదా మరి! మేం ఊకున్నమా?”

పక్కనున్న లక్ష్మమ్మ ముసిముసిగా నవ్వింది. “చెప్పకే, తిడ్తడు.”

“తిట్టుడెందుకే? మంచి పనే జేసినం. తమ్మీ, చిలకపచ్చ గుడ్డ కాడ బూజు వట్టిన గెల కనవడంగనే గిల్లుడు, కొంగుల ఏస్కపోయి కంచె అవతల పారేసుడు. తక్కిన రంగుల కాడ ఉంటే ఉండనీ, మాకేంది?”

నీళ్ళ చెంబు కింద పెట్టాను. “చిలకపచ్చ మేడందని ఎవరు చెప్పిన్రు?”

“చెప్పుడేంది? ఆమె ఎప్పుడొచ్చినా ముందు గా గుడ్డల కాన్నే ఆగుతది. మాకు కండ్లు లేవా? మా ఆయన పానం నిలవెట్టిన మనిషి విత్తనం బూజు వడ్తుంటే చూస్కుంట కూసుంటమా?”

కంచె దాటి చూశాను. తుమ్మ మొక్కల మొదట్లో గెలల కుప్ప. ఎండి, బూడిద రంగులో, ముట్టుకుంటే పొడి రాలుతోంది. తెగులు తక్కువగా ఎందుకు కనిపించిందో, గింజ ఎందుకు పెరగలేదో, రెండింటికీ జవాబు అక్కడే పడి ఉంది.

నాలుగు రోజులు

ముందు మేనేజర్ మాణిక్యం గారి దగ్గరికి పోయాను. ఆయన కుర్చీలోంచి కదలకుండా విన్నారు.

“కంచె అవతల గెలలుంటే ఏమాయె? కోతులు పారేసినయనుకో.”

“యాదమ్మ స్వయంగా చెప్పింది సార్.”

“నువ్వు చూసినవా గిల్లంగ? చూడలే. మేడం రిపోర్టు వచ్చే వారం పోతది. గిప్పుడు నోరు తెరిస్తే ముందు పోయేది యాదమ్మ పని, తర్వాత నీ పని. విత్తనం నిజంగ మంచిదే అయ్యుంటది పో. ఫికర్ జెయ్యకు.”

ఆయన చెడ్డ మనిషి కాదు. ఎండాకాలం ఆడవాళ్ళను పన్నెండింటికే ఇంటికి పంపిన మేనేజర్ ఆయనొక్కరే. కానీ ఆ విత్తనం వేసుకుని పంట కోసం ఎదురుచూసే అవసరం ఆయనకు లేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి: ‘ఏం కాదు పో’ అనే మనిషికి ఆ చేలో పోయేది ఏముందో ముందు చూడండి.

ఆ తర్వాత నాలుగు రోజులు ఇంకెవరికీ చెప్పలేదు. యాదమ్మ పని పోతుందనే భయం నిజమే, కానీ అసలు భయం నా గురించి. ‘రంగులే తెలుసు’ అన్నది నేను, ‘మట్టి తేడా’ అన్నది నేను.  బస్సెక్కి రెండు స్టాపుల ముందే దిగి నడిచాను. లైబ్రరీకి పోయి అదే పాత పుస్తకం తెరిచాను.

లైబ్రేరియన్ నర్సింహ సారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. “గంట నుంచి చూస్తున్న. పేజీలు నువ్వు తిప్పుతలేవు, పంకా తిప్పుతున్నది. ఏమైంది?”

పేర్లు చెప్పకుండా అడిగాను. “పుస్తకంల తప్పు అచ్చయిందని నీకొక్కనికే తెలిస్తే ఏం జేస్తవ్ సార్?”

“పక్కన పెన్సిల్‌తోని రాస్త. నా తర్వాత సదివెటోడు తప్పు నేర్చుకోవద్దు గద.”

ఇది విని కూడా ఆ రోజు మేడం దగ్గరికి పోలేదు. మర్నాడు యాదమ్మ ఉతికి మడతపెట్టిన గుడ్డ సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

“తమ్మీ, రెండెకరాలకు సరిపోను విత్తనం ఇప్పియ్యి. ఈసారి కంది బందువెట్టి మొత్తం ఆముదమే ఏస్త.”

తన చేత్తో గిల్లి పారేసిన బూజును రేపు తన చేలోనే, రెండెకరాల నిండా చూస్తుంది. ఆ సంచి పట్టుకునే మేడం గదికి పోయాను.

రంగులు లేని షీటు

అంతా చెప్పాను. యాదమ్మ పేరు ఒక్కటి చెప్పలేదు.

“ఎవరు గిల్లారు?”

“గుడ్డలు కట్టింది నేను మేడం.”

“నేను అడిగింది అది కాదు.”

“నా కాడ ఉన్న జవాబు అదే మేడం.”

ఆమె రాస్తున్న రిపోర్టు కాగితాలు పక్కకు జరిపారు. “నేను అప్పుడే అడిగాను. తూకాలు వచ్చినప్పుడూ అడిగాను” అన్నారు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదనిపించింది.

ఆముదంలో గెలలన్నీ ఒకేసారి రావు. చివరి గెలలు ఇంకా చెట్టు మీద ఉన్నాయి. ఆ సాయంత్రమే గుడ్డలన్నీ పీకించి, గూటాలకు నంబర్లు మాత్రం ఉంచారు. గెలలు ఎవరూ ముట్టవద్దని చెప్పారు. పది రోజుల తర్వాత నా చేతికి ఖాళీ గడుల కాగితం ఇచ్చి మళ్ళీ మార్కులు వేయమన్నారు. రకాల పట్టీ తన బీరువాలో పెట్టి తాళం వేశారు.

అప్పటికి ముసురు పోయింది. కాబట్టి తెగులు అన్ని మడుల్లోనూ ఎంతో కొంత తగ్గాలి. పట్టీ తీసి సరిచూశాం. మిగతా రకాలు కొంచెం కొంచెం తగ్గాయి. ఏడో నంబరు ఒకటీ రెండూ నుంచి నాలుగూ ఐదుకు పెరిగింది. అది ఆడవాళ్ళ చేతి పని, ఊహించిందే.

పాత రకం దగ్గర నేను ఆగిపోయాను. ఏడు వేసిన చోట ఇప్పుడు నాలుగు వేశాను. మిగతా ఏ రకమూ అంతగా తగ్గలేదు. ఆ మడుల్లో ఎవరూ గెలలు గిల్లలేదు, ఎవరూ ఏమీ చేయలేదు. షీటు మీద నేనే వేసిన బూడిద రంగును చూసి, చెట్టు మీద బూజును ఎక్కువగా చూశాను. ఆడవాళ్ళు గెలలు గిల్లారు. నేను గిల్లకుండానే అదే పని చేశాను.

మేడం ఆ ఏడు లెక్కలన్నీ కొట్టేశారు. గట్టు మీద కూర్చుని “మూడేళ్ళు” అన్నారొక్కసారి. ఎవరినీ పని నుంచి తీసేయలేదు. మరుసటి ఏడు నంబర్లతో మళ్ళీ వేశాం. ఏడో నంబరు మధ్యలో వచ్చింది. రైతులకు ఇవ్వలేదు.

యాదమ్మకు సంచి ఖాళీగానే తిరిగి ఇచ్చాను. ఇంకో యేడు చూడాలట అన్నాను. మరుసటి వానాకాలం కూడా గూటాలకు గుడ్డలు కట్టకపోవడం చూసి ఆమె నా ముందు నిలబడింది.

“గుడ్డలెందుకు తీసేసిన్రు? మేం దొంగలమా?”

“ఆఫీసు రూలు అక్కా” అన్నాను.

ఆ రోజు నుంచి నన్ను ‘సారూ’ అనడం మొదలుపెట్టింది. నేను రిటైరయ్యేదాకా మళ్ళీ తమ్మీ అనలేదు.

షీటు పంపుతూ

ఇంతదాకా రాశాక ఈ కాగితాలు పట్టుకుని యాదమ్మ ఇంటికి పోయాను. దారిలో మా పాత చేను ఇప్పుడు ఇళ్ళ ప్లాట్ల వెంచరు. తెల్ల రాళ్ళు పాతారు. ఆఫీసు ముందు రంగుల పటం, అమ్ముడుపోయినవి ఎరుపు. అలవాటు కొద్దీ అందులో గేటు ఎటుందో వెతికాను.

యాదమ్మకు మొత్తం చదివి వినిపించాను. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ విన్నది. చివరికి తల ఎత్తింది.

“గిల్లొద్దని మాకు ముందుగాల చెప్పినవా?”

“లేదక్కా.”

“గడ్డి తియ్యమన్నవ్, తీసినం. గిల్లొద్దంటే గిల్లకపోదుము. ఎందుకేస్తున్నమో, ఏం చూస్తున్నమో ఒక్క ముక్క చెప్పినవా? గన్ని పుస్తకాలు సదివినవ్ సారూ, మాకేం తెల్వదనుకున్నవ్.”

నిజం. చిట్టీల సంగతి శాస్త్రవేత్తలకు కూడా చెప్పాను, ఆ ఎనిమిది మందికి చెప్పలేదు. స్వప్నా, నువ్వు అడిగిన ఫైలు పంపుతున్నాను. అందులో రంగులు చేను భాగాలకే ఉన్నాయి, రకాలకు లేవు. ప్రింటు తీసే ముందు మీ చేలో పని చేసేవాళ్ళను కూర్చోబెట్టి, ఏం పరీక్ష చేస్తున్నారో చెప్పు. నువ్వు దాచినదాన్ని వాళ్ళు ఎట్లాగూ కనిపెడతారు.

ఇక కృతజ్ఞతలు. రెండుసార్లు సరైన ప్రశ్న అడిగి, నా తప్పు తెలిశాక నన్ను పనిలో ఉంచిన సుజాత మేడం గారికి. నేను వినకపోయినా తనకు తోచిన సలహా చెప్పిన కీర్తిశేషులు మాణిక్యం గారికి. గడువు దాటిన పుస్తకానికి ఎన్నడూ మొహం ముడవని లైబ్రేరియన్ నర్సింహ సారుకు. చెప్పకే అంటూనే నవ్వి గుట్టు బయటపెట్టించిన లక్ష్మమ్మకు. నా తిరుగుడు భరించిన సువార్తకు. ఫోన్ చేసి నన్ను కదిలించిన స్వప్నకు.

యాదమ్మక్కకు. ఆ గుడ్డలు తీయించింది నీ చేతుల మీద అనుమానంతో కాదక్కా, నా కళ్ళ మీద అనుమానంతో. ఈ మాట కూడా ఆ రోజు వాకిట్లోనే చెప్పి లేచాను. ఆమె కూడా లేచింది. చేట పక్కన పెట్టి లోపలికి పోతూ, వెనక్కి చూడకుండా అంది:

“చాయ్ పెడ్తున్న. తాగి పో, తమ్మీ.”